ఎవరూ తెరవని ఫైలును డౌన్‌లోడ్ చేయడం దేనికి?

బిల్డ్ అంటే సోర్స్ కోడును నడిచే ప్రోగ్రామ్‌గా కట్టడం; ఒకసారి కట్టిన ఫలితాలను అందరూ వాడుకునేలా సర్వర్లో దాచేది రిమోట్ క్యాష్. అది పెట్టాక కూడా బిల్డ్ నెమ్మదిగానే ఉందంటే అందరూ ముందు చూసేది హిట్ రేటు, అంటే అడిగినవాటిలో ఎన్ని క్యాష్‌లో దొరికాయన్నది. అది నూటికి 95 దాటి ఉంటుంది, అంటే కొత్తగా కంపైల్ అవుతున్నది దాదాపు ఏమీ లేదు, అయినా టెర్మినల్ ముందు కూర్చుని గోళ్లు గిల్లుకోవాల్సి వస్తోంది. సీపీయూ ఖాళీగా ఉంది. నెట్‌వర్క్‌కు మాత్రం ఊపిరాడటం లేదు. కంపైలర్ పని తప్పింది గానీ ఆ ఖాళీలోకి మోత పని వచ్చి కూర్చుంది, పైగా అలా మోసుకొచ్చిన ఫైళ్లలో చాలావాటిని ఆ తర్వాత ఎవరూ తెరవనే తెరవరు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. డౌన్‌లోడ్ ఎలా వేగంగా చేయాలా అని ఆలోచించేవాళ్లు బ్యాండ్‌విడ్త్ పెంచుతారు, కంప్రెషన్ పెడతారు, సర్వర్‌ను దగ్గరికి తెచ్చుకుంటారు. అన్నీ పనికొచ్చేవే. కానీ ముందు తేల్చుకోవాల్సింది ఈ ఫైలును ఈ మెషీన్ మీద ఎవరు తెరుస్తారన్నది. ఎవరూ తెరవరని తేలాక దాన్ని ఎంత వేగంగా తెచ్చినా దండగే.

చీటీలు వేరు, సరుకు వేరు

బేజెల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. గూగుల్ తన లోపల బ్లేజ్ పేరుతో వాడుకునే బిల్డ్ సిస్టమ్‌లోంచి 2015లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చింది ఇది. రిమోట్ క్యాష్‌కు మనం ఒకటే అడ్రస్ ఇస్తాం గానీ లోపల రెండు కొట్లు ఉంటాయి. మొదటిది యాక్షన్ క్యాష్; యాక్షన్ అంటే బిల్డ్‌లో ఒక అడుగు, ఒక కమాండు. అందులో ఉండేవి చీటీలే: ఫలానా కమాండును ఫలానా ఇన్‌పుట్‌లతో నడిపితే ఫలానా అవుట్‌పుట్‌లు వచ్చాయని రాసిన చీటీలు. రెండోది కంటెంట్ అడ్రెసబుల్ స్టోరేజ్, పొట్టిగా సీఏఎస్. అసలు బైట్లు ఉండేది అక్కడ. అక్కడ ఫైలుకు పేరంటూ ఉండదు, లోపలి కంటెంట్ నుంచి కట్టిన హ్యాష్ (కంటెంట్ మారితే మారిపోయే పొట్టి గుర్తు), పక్కన సైజు, ఈ రెండూ కలిస్తే డైజెస్ట్, అదే దాని అడ్రస్.

ఇప్పుడు ఒక్క ఫైలు వెంట నడుద్దాం. మెయిన్ డాట్ సీ ఉంది, దాన్ని కంపైల్ చేస్తే మెయిన్ డాట్ ఓ రావాలి. బేజెల్ ముందు కంపైలర్ కమాండును, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను, ఇన్‌పుట్‌లన్నిటి డైజెస్ట్‌లను కలిపి ఒక హ్యాష్ కట్టి, దాంతో యాక్షన్ క్యాష్‌ను అడుగుతుంది. హిట్ అయితే చీటీ వస్తుంది: ఎగ్జిట్ కోడ్ 0 (అంటే పని సక్రమంగా అయింది), అవుట్‌పుట్ మెయిన్ డాట్ ఓ, దాని హ్యాష్ ఇది, సైజు ఇంత. ఫైలు ఎంత పెద్దదైనా చీటీ చిన్నదే.

తర్వాత లింక్ చేసే యాక్షన్, అంటే డాట్ ఓ ఫైళ్లను కలిపి చివరి ప్రోగ్రామ్‌ను, బైనరీని, తయారుచేసేది. దాని ఇన్‌పుట్ మెయిన్ డాట్ ఓ. మరి లింక్ యాక్షన్‌కు హ్యాష్ కట్టాలంటే మెయిన్ డాట్ ఓ లోపలి బైట్లు కావాలా? అక్కర్లేదు, డైజెస్ట్ చాలు, అదేమో ఇందాకటి చీటీలోనే ఉంది. ఆ హ్యాష్‌తో అడిగితే లింక్ కూడా హిట్, బైనరీ చీటీ చేతికొచ్చింది. మొదటి నుంచి చివరిదాకా గొలుసు పూర్తయింది, మెయిన్ డాట్ ఓ మాత్రం డిస్క్ ముఖం చూడనే లేదు. పేరూ హ్యాష్ తెలిస్తే సరిపోయే చోట బైట్లు తెప్పించుకోవడమే అనవసరపు డౌన్‌లోడ్ అంటే.

లెక్క వేసి చూస్తే ఇది చిన్న విషయం కాదు. ఒక ప్రాజెక్టులో 3000 ఆబ్జెక్ట్ ఫైళ్లున్నాయి (డాట్ ఓ ఫైళ్లు), ఒక్కోటి సగటున 200 కేబీ అనుకుందాం. మొత్తం 600 ఎంబీ. చివరి బైనరీ 80 ఎంబీ. 50 ఎంబీపీఎస్ (మెగాబిట్ల) లైను మీద సెకనుకు 6.25 ఎంబీ వస్తాయి, కాబట్టి ఆబ్జెక్ట్ ఫైళ్లకే 96 సెకన్లు, బైనరీకి 13 సెకన్లు. నిజానికి ఇక్కడితో ఆగదు. ఆ ఆబ్జెక్ట్ ఫైళ్లనే లోపల కుక్కుకున్న స్టాటిక్ లైబ్రరీలు, అంటే డాట్ ఏ ఫైళ్లు, మధ్యలో ఉంటాయి కదా, అవి మళ్లీ అంతే బరువు. సీఏఎస్ ఒకే కంటెంట్‌ను రెండుసార్లు దాచదు అంటారు, నిజమే, కానీ అది పోల్చేది మొత్తం ఫైలును మొత్తం ఫైలుతోనే. అదే కోడు ఓసారి ఆబ్జెక్ట్‌గా, ఓసారి లైబ్రరీలో, ఓసారి బైనరీలో మూడు వేషాల్లో వస్తే దానికి మూడూ మూడు వేరే సరుకులే. ఇంటి నుంచి మామూలు లైను మీద పనిచేసేవాళ్లకు రిమోట్ క్యాష్ తీసేస్తేనే బిల్డ్ వేగంగా అవుతోందని కొన్నిసార్లు అనిపించేది ఇందుకే, ఆ అనిపించడం భ్రమేమీ కాదు.

బైట్లు లేకుండా బిల్డ్

బేజెల్ మొదట్లో అన్నిటినీ దించుకునేది. హిట్ అయిన ప్రతి యాక్షన్ అవుట్‌పుటూ బేజెల్ అవుట్ డైరెక్టరీలోకి రావాల్సిందే, ఎందుకంటే తర్వాతి యాక్షన్ దాన్ని అక్కడే వెతుక్కుంటుందని లోపలి కోడంతా ఆ నమ్మకం మీద నడిచేది. 2019లో బిల్డ్ వితౌట్ ది బైట్స్ అనే పేరుతో వేరే పద్ధతి ప్రయోగాత్మకంగా వచ్చింది. సెట్టింగులు మూడు: ఆల్ పెడితే పాత పద్ధతి, టాప్‌లెవెల్ పెడితే కమాండ్ లైనులో అడిగిన టార్గెట్‌ల అవుట్‌పుట్‌లు మాత్రమే, మినిమల్ పెడితే అవి కూడా రావు. సీఐ మెషీన్ (ప్రతి మార్పునూ తనంతట తానే బిల్డ్ చేసి టెస్టు చేసేది) మీద మినిమల్ చక్కగా సరిపోతుంది, అక్కడ కావాల్సింది టెస్టులు పాసయ్యాయా లేదా అన్న సమాధానమే, బైనరీని తెరిచి చూసే మనిషే ఉండడు. టాప్‌లెవెల్ డిఫాల్ట్ అయ్యింది మాత్రం 2023 డిసెంబరులో వచ్చిన బేజెల్ 7తోనే. నాలుగేళ్లకు పైగా పట్టిందంటే డౌన్‌లోడ్ ఆపేయడం అంత తేలిక కాదని అర్థం.

ఎందుకంటే మినిమల్ అన్నా కొన్ని ఫైళ్లు తప్పవు. సీ, సీ ప్లస్ ప్లస్ కంపైల్‌లో డాట్ డీ అనే చిన్న ఫైలు పుడుతుంది, ఏ హెడర్లు నిజంగా వాడారో అందులో ఉంటుంది. దాన్ని చదవాల్సింది తర్వాతి యాక్షన్ కాదు, బేజెలే. కాబట్టి దాని బైట్లు కావాల్సిందే, అయితే దాన్ని డిస్క్ మీద రాయకుండా మెమరీలోనే చదివి వదిలేసే ఏర్పాటు ఉంది. అలాగే ఒక యాక్షన్ డైరెక్టరీని అవుట్‌పుట్‌గా ఇస్తే అందులో ఏమేం ఫైళ్లున్నాయో చీటీలో నేరుగా ఉండదు, ఆ జాబితాను వేరే బ్లాబ్‌గా, అంటే సీఏఎస్‌లో దాచిన ఇంకో బైట్ల ముద్దగా, తెచ్చుకోవాలి. జాబితా వస్తే చాలు, లోపలి ఫైళ్లు మళ్లీ అక్కర్లేదు.

ఇక లోకల్‌గా నడవాల్సిన యాక్షన్లు. డెవలపర్ ఒక్క ఫైలు మార్చాడు, అది ఇక్కడే కంపైల్ అయింది, ఇప్పుడు లింక్ కూడా ఇక్కడే జరగాలి. మిగతా 2999 ఆబ్జెక్ట్ ఫైళ్లు సర్వర్లో ఉన్నాయి. లింకర్ వాటిని నిజంగానే తెరుస్తుంది కాబట్టి అన్నీ రావాల్సిందే. ఉదయం తొలి బిల్డ్ టకటకా అయిపోయి, చిన్న మార్పు తర్వాతి బిల్డ్‌కు ఎక్కువ టైమ్ పట్టే విచిత్రం ఇక్కడి నుంచే వస్తుంది. డౌన్‌లోడ్ రద్దవలేదు, వాయిదా పడింది అంతే. లింక్‌ను కూడా రిమోట్‌లోనే నడిపే రిమోట్ ఎగ్జిక్యూషన్ ఉన్నప్పుడు ఈ బాధ చాలావరకు పోతుంది, ఉత్త క్యాష్ మాత్రమే ఉంటే పోదు. ఈ తేడా చెప్పకుండా ఫ్లాగ్ ఒక్కటి మార్చేసి బిల్డ్ బాగుపడిపోయిందని ప్రకటించడం తొందరపాటు.

ఒకే ఫైలు కోసం పదిమంది

అవసరమైన ఫైలునే రెండుసార్లు తేవడం ఇంకో రకం వృథా. పది టెస్టులు ఒకేసారి లోకల్‌గా మొదలయ్యాయి, పదింటికీ ఒకే 40 ఎంబీ లైబ్రరీ కావాలి. ఒక్కోటీ డిస్క్ మీద చూసుకుంటుంది, లేదు. పదీ సర్వర్‌ను అడుగుతాయి. 40 ఎంబీ కాస్తా 400 ఎంబీ అవుతుంది. ఫైలు ఉందా అని చూడటానికీ, తేవడం పూర్తవడానికీ మధ్య ఉన్న సందులోనే ఈ నష్టమంతా.

దీనికి మందు తెలిసిందే: ప్రస్తుతం జరుగుతున్న డౌన్‌లోడ్‌ల పట్టిక ఒకటి ఉంచుకుని, రెండోవాడు వస్తే కొత్తగా మొదలుపెట్టకుండా మొదటివాడి దానికోసమే ఆగమనడం. చెప్పినంత సులువుగా కుదరదు. మొదలుపెట్టినవాడు మధ్యలో క్యాన్సిల్ అయ్యాడనుకోండి, వాడితోపాటు డౌన్‌లోడ్‌నూ చంపేస్తే వెనక ఆగిన తొమ్మిదీ కూలబడతాయి. కాబట్టి ఎంతమంది ఎదురుచూస్తున్నారో లెక్కపెట్టుకోవాలి, చివరివాడు కూడా వెళ్లిపోయాకే ఆపాలి. డౌన్‌లోడ్ ఫెయిలైతే ఆ ఫెయిల్యూర్‌ను పట్టికలో దాచుకోకూడదు, లేదంటే సర్వర్ కోలుకున్నాక అడిగినవాళ్లకూ పాత ఎర్రరే పోతుంది. రాసేది నేరుగా అసలు పేరుతో రాయకూడదు, సగం వచ్చిన ఫైలును ఇంకొకడు పూర్తిదనుకుని చదివేస్తాడు. టెంపరరీ పేరుతో రాసి, హ్యాష్ సరిచూసి, అప్పుడు రీనేమ్ చేయాలి.

పట్టికలో వెతకాల్సింది దేన్ని బట్టి, పాత్‌నా డైజెస్ట్‌నా అన్నది ఇంకో చిక్కు. పాత్‌ను బట్టి చూస్తే రాయడం సులువు. కానీ ఒకే కంటెంట్ రెండు పాత్‌లలో ఉంటే, లైసెన్స్ ఫైళ్లు, కాపీ చేసిన జార్లు (జావా ప్యాకేజీలు) ఇలాంటివి బోలెడు, రెండుసార్లు దిగుతుంది. డైజెస్ట్‌ను బట్టి చూస్తే ఒకసారే దిగుతుంది గానీ తర్వాత రెండో చోటికి కాపీ చేయాలి, లేదా హార్డ్‌లింక్ పెట్టాలి, హార్డ్‌లింక్ పెడితే ఒక చోట ఎవరైనా ఫైలును మార్చితే రెండో చోటా మారిపోతుంది. కాపీకి పోవడమే మంచిది, ఎంత నెమ్మదైనా లోకల్ కాపీ నెట్‌వర్క్ కంటే నయం. ఖాళీ ఫైలుదైతే మరీ సులువు: ఎస్‌హెచ్‌ఏ 256లో ఖాళీ కంటెంట్ హ్యాష్ ఎక్కడైనా ఒకటే, ఈ3బీ0సీ442 అని మొదలవుతుంది. సైజు 0 అని చీటీలోనే ఉన్నప్పుడు సర్వర్‌ను అడగడమెందుకు, ఇక్కడే ఒక ఖాళీ ఫైలు సృష్టించేస్తే పోతుంది, బేజెల్ చేసేదీ అదే.

బ్రాంచ్ మారినప్పుడు

ఇది చాలామంది గమనించని ఖర్చు. బేజెల్ లోకల్‌గా ప్రతి అవుట్‌పుట్‌కూ చివరి వెర్షన్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది, ఎందుకంటే అవుట్‌పుట్ డైరెక్టరీలో ఆ పాత్ ఒక్కటే ఉంది. బ్రాంచ్ అంటే అదే కోడుకు పక్కన నడిచే ఇంకో వెర్షన్. మెయిన్ బ్రాంచ్‌లో బిల్డ్ చేసి, రివ్యూ కోసం ఇంకో బ్రాంచ్‌కు వెళ్లి అక్కడా బిల్డ్ చేసి, మళ్లీ వెనక్కి వస్తే పది నిమిషాల కిందట చేతిలో ఉన్న ఫైళ్లే మళ్లీ రిమోట్ నుంచి దిగుతాయి. రోజుకు నాలుగుసార్లు బ్రాంచ్ మారేవాళ్లకు నాలుగుసార్లూ ఇదే కథ.

డిస్క్ క్యాష్ ఫ్లాగ్ పెడితే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. అది కూడా డైజెస్ట్ అడ్రస్‌తోనే ఫైళ్లు దాస్తుంది, కాబట్టి ఎన్ని వెర్షన్లయినా పక్కపక్కనే ఉంటాయి, రిమోట్‌కు వెళ్లేముందు బేజెల్ దీన్ని చూస్తుంది. ఒకే రెపోను రెండు మూడు వర్క్‌స్పేస్‌లలో పెట్టుకున్నవాళ్లు అన్నిటికీ ఒకే డిస్క్ క్యాష్ ఇస్తే ఇంకా లాభం. తిప్పలేమిటంటే అది పెరుగుతూ పోతుంది. దాన్ని తనంతట తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు బేజెల్‌లోకి చాలా ఆలస్యంగా వచ్చింది, అంతదాకా పాత ఫైళ్లను చెరిపే స్క్రిప్ట్ ఎవరికి వారే రాసుకున్నారు. డిస్క్ నిండి బిల్డ్ ఆగిపోయేదాకా సంగతి తెలియనివాళ్లూ ఉన్నారు.

సర్వర్ మరిచిపోతే

డౌన్‌లోడ్ చేయకపోవడమంటే తర్వాత అడిగితే ఇస్తారన్న నమ్మకం మీద బతకడం. ఆ నమ్మకం తప్పే సందర్భం ఉంది. క్యాష్ సర్వర్‌కూ డిస్క్ పరిమితమే, నిండితే పాతవాటిని తీసేస్తుంది. చీటీ ఇచ్చేటప్పుడు బ్లాబ్ ఉంది, గంట తర్వాత లోకల్ లింక్‌కు కావాల్సి వచ్చి అడిగితే లేదు. బేజెల్ చేతిలో చీటీ ఉంది, సరుకు లేదు. అన్నీ దించుకునే రోజుల్లో ఈ సమస్యకు తావే లేదు, చీటీ వెంటే సరుకూ వచ్చేసేది. ఇలా బ్లాబ్ మాయమైతే బేజెల్ బిల్డ్ ఆపేసేది (దీనికి ఎగ్జిట్ కోడ్ 39), మొదట్లో బిల్డ్‌ను చేత్తో మళ్లీ నడపడం తప్ప దారి ఉండేది కాదు. తర్వాత బిల్డ్‌ను తనే మళ్లీ మొదలుపెట్టడం, పోయిన ఫైలును పుట్టించిన యాక్షన్‌ను మాత్రమే వెనక్కి వెళ్లి నడపడం లాంటివి ఒక్కొక్కటిగా వచ్చాయి. ఒకసారి ప్రస్తావించిన బ్లాబ్ సర్వర్లో కనీసం ఇంతసేపు ఉంటుందని చెప్పే సెట్టింగ్ కూడా ఉంది, దాని డిఫాల్ట్ 3 గంటలు. సర్వర్ అంతకంటే ముందే తీసేస్తుంటే ఆ సెట్టింగ్ అబద్ధమవుతుంది, అప్పుడు తగ్గించాల్సింది డౌన్‌లోడ్ కాదు, పెంచాల్సింది సర్వర్ డిస్క్.

ఇంకో ఫిర్యాదు ఎడిటర్ల నుంచి వస్తుంది. జనరేట్ అయిన సోర్స్ ఫైళ్లు మధ్యంతర అవుట్‌పుట్‌లే కాబట్టి అవి దిగవు, ఎడిటర్ తెరిస్తే ఎర్రగీతలు. బిల్డ్ పాస్, ఎడిటర్ మాత్రం ఫైలే లేదంటుంది. ఇక్కడ ఆ ఫైలును తెరిచేవాడు ఎడిటర్, కానీ ఆ మాట బిల్డ్ సిస్టమ్‌కు ఎవరూ చెప్పలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదు. ఫలానా ప్యాటర్న్‌కు సరిపోయే అవుట్‌పుట్‌లను ఎప్పుడూ దించమని చెప్పడానికి రెజెక్స్ ఫ్లాగ్ ఒకటి ఉంది. దాన్ని వెతుక్కోలేక మొత్తం ఆల్‌కు మార్చేసేవాళ్లే ఎక్కువ, కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే అదే.

బయటి ఆర్కైవ్‌లు

ఇప్పటిదాకా చెప్పింది బిల్డ్ అవుట్‌పుట్‌ల గురించి. బయటి లైబ్రరీల ఆర్కైవ్‌లు వేరే దారిలో వస్తాయి, వాటికి రిపాజిటరీ క్యాష్ అని వేరే కొట్టు. అక్కడ వెతకడానికి ఆధారం రాసిచ్చిన చెక్‌సమ్, అంటే ఆ ఆర్కైవ్ హ్యాష్. చెక్‌సమ్ రాయకుండా లింక్ మాత్రమే ఇస్తే, చేతిలో ఉన్నదీ అవతల ఉన్నదీ ఒకటేనని చెప్పే ఆధారం లేదు, కాబట్టి కొత్తగా ఫెచ్ చేయాల్సి వచ్చినప్పుడల్లా దిగుతుంది. ఒక్క లైను రాయడానికి బద్ధకించి ఎన్ని జీబీలు పోగొట్టుకుంటారో లెక్కలేదు. అయితే చెక్‌సమ్ మీదే అంతా ఆధారపడ్డా దెబ్బ తగులుతుంది: 2023 జనవరి చివర్లో గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసే సోర్స్ ఆర్కైవ్‌ల కంప్రెషన్ పద్ధతి మారింది, లోపలి ఫైళ్లు అవే అయినా ఆర్కైవ్ బైట్లు మారాయి, చెక్‌సమ్‌లు కుదరక ఎక్కడెక్కడో బిల్డ్‌లు పగిలిపోయాయి, వాళ్లు ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆర్కైవ్ అప్పటికే రిపాజిటరీ క్యాష్‌లో ఉన్నవాళ్లకు ఏమీ తెలియలేదు.

మిగతా సిస్టమ్‌లు ఇదే ప్రశ్నకు వేరేగా జవాబిస్తాయి. గ్రేడిల్ ఒక టాస్క్ అవుట్‌పుట్‌లన్నిటినీ ఒకే కంప్రెస్ చేసిన టార్ ప్యాకెట్‌గా దాస్తుంది, అందులో ఒక్క ఫైలే కావాలన్నా ప్యాకెట్ అంతా రావాలి. నిక్స్‌లో ఒక ప్యాకేజీ సర్వర్ నుంచి సిద్ధంగా దొరికితే దాన్ని కట్టడానికి మాత్రమే పనికొచ్చే కంపైలర్లు, టూల్స్ దిగనే దిగవు. మెటా 2023లో బయటపెట్టిన బక్2 అయితే వాయిదా వేయడాన్నే అలవాటుగా చేసుకుంది, ఫైలు నిజంగా అవసరపడేదాకా డిస్క్ మీదికి తేదు. ఆలస్యమైనా బేజెల్ వచ్చి చేరింది కూడా ఆ దారికే.

చివరికి ఎవరి బిల్డ్‌లో ఎంత వృథా ఉందో హిట్ రేటు చెప్పదు, బేజెల్ చివర్లో చూపించే ప్రాసెస్‌ల లైనూ చెప్పదు, అవి హిట్‌లను లెక్కపెడతాయి గానీ బైట్లను కాదు. రిమోట్ జీఆర్‌పీసీ లాగ్, అంటే సర్వర్‌కు పంపిన ప్రతి కాల్‌నూ రాసిపెట్టే లాగ్, పెట్టి చూడాలి. అందులో పెద్ద ఫైళ్లను చదివిన ప్రతి కాల్‌లోనూ రిసోర్స్ పేరు ఉంటుంది, బ్లాబ్స్ అన్న మాట తర్వాత హ్యాష్, ఆ తర్వాత సైజు. హ్యాష్‌ల వారీగా పోగేసి సైజులు కూడితే బొమ్మ తేలిపోతుంది. ఒకే బిల్డ్‌లో ఒకే హ్యాష్ రెండుసార్లు కనిపిస్తే రెండు పాత్‌ల గొడవ, లేదా రీట్రై. నిన్నటి లాగ్‌లో ఉన్న హ్యాష్‌లే ఇవాళ మళ్లీ కనిపిస్తే డిస్క్ క్యాష్ లేదన్నమాట. ప్రతి బిల్డ్‌కూ కొత్త హ్యాష్‌లు, సైజులు మాత్రం బైటు తేడా లేకుండా అవే అయితే, ఏదో యాక్షన్ అవుట్‌పుట్‌లో టైమ్‌స్టాంపో, బిల్డ్ నంబరో దూరుతోందేమోనని ముందు అనుమానించాలి.